అమ్మ పాట పనికి అడ్డమవుతోంది, ఎలా చెప్పను?

కోనసీమ నుంచి ఒక అక్క రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరి పేరు రాయొద్దన్నారు. ఆమెకు 39 ఏళ్లు. పదో తరగతిలో రేచీకటితో మొదలైన రెటినైటిస్ పిగ్మెంటోసా, ముప్పై దాటేసరికి చూపు మొత్తం తీసుకుపోయింది. ఇరవై ఏళ్ల కిందట అమ్మ వంటింట్లో మొదలుపెట్టిన పచ్చళ్ల వ్యాపారాన్ని ఇప్పుడు తమ్ముడు, మరదలు, ఈమె కలిసి నడుపుతున్నారు. కలపడం, జాడీలకెత్తడం మరదలి పని. సరుకు, కొరియరు తమ్ముడు చూసుకుంటాడు. వెబ్‌సైట్‌లో వచ్చే ఆర్డర్లు చూసి, చిరునామాలు సరిచూసి, చీటీలు తీయడం ఈమె వంతు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంటే, ఈమె మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే పని నడిపిస్తారు. మొన్నటిదాకా ఆరేళ్లలో ఒక్క ఆర్డరు తప్పలేదని రాశారు.

గత శ్రావణంలో అమ్మ పోయారు. రోట్లో ఆవపిండి కొడుతూ ఆమె పాడుకునే దంపుళ్ల పాట ఒకటి తమ్ముడి ఫోన్‌లో మిగిలింది. రోకలి చప్పుడుతో కలిపి రెండున్నర నిమిషాలు. పెద్దకర్మ అయిన వారానికి తమ్ముడు దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టించాడు. ఏ పేజీ తెరిచినా దానంతటదే మొదలవుతుంది. పేజీ మారిస్తే మళ్లీ మొదటి నుంచి వస్తుంది. ఆర్డర్ల పేజీలో కూడా అంతే.

"పాట రాగానే నా కంప్యూటర్ గొంతు మునిగిపోతుంది. పాట తగ్గిద్దామని సౌండ్ తగ్గిస్తే కంప్యూటర్ గొంతూ తగ్గిపోతుంది. అయిపోయేదాకా ఆగి అప్పుడు చదువుకుంటున్నాను. రోజుకు నలభైసార్లు అమ్మ గొంతు వింటున్నాను, కానీ నిమ్మళంగా కూర్చుని ఒక్కసారి కూడా విన్నది లేదు. ఈమధ్య ఆ గొంతు మొదలవగానే చిరాకు వస్తోంది. చిరాకు పడ్డందుకు రాత్రిళ్లు ఏడుస్తున్నాను."

సంక్రాంతి ముందు రెండు ఆర్డర్లు తప్పిపోయాయి. కిలో ఆవకాయ వెళ్లాల్సిన ఇంటికి గోంగూర వెళ్లింది. తమ్ముడితో చెప్పబోతే, "నా ఫోన్‌లో తెరిస్తే పాటే రావట్లేదక్కా, నీ కంప్యూటర్‌లోనే ఏదో తేడా ఉంది" అన్నాడు. మరదలు "అత్తయ్యగారి గొంతు కూడా అడ్డమేనా వదినా" అంది. ఇప్పుడు తమ్ముడు ఆర్డర్లు చూడడానికి ఒక కుర్రాణ్ణి పెడదామంటున్నాడు, "నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో" అంటున్నాడు. అక్క అడిగినవి ఇవి: సంవత్సరీకం దాకా ఓర్చుకోనా? అడిగితే ఎలా అడగను? అమ్మ పాట ఆపమనడం నా స్వార్థమా? దీనికేమైనా చట్టం ఉందా?

అక్కా, ముందు చివరి నుంచి రెండో ప్రశ్న. మీకు చిరాకు తెప్పిస్తున్నది అమ్మ గొంతు కాదు. మీరు పిలవకుండా, మీ పని మధ్యలోకి, రోజుకు నలభైసార్లు వచ్చి పడే తీరు అది. అమ్మ బతికుండగా మీరు ఆర్డరు చదువుకుంటుంటే చెవి దగ్గరికొచ్చి ఆమె పాడేవారా? "చదువుకోనివ్వండ్రా" అని మిగతావాళ్లను కసిరి ఉండేవారు. ఆపలేని శబ్దం ఎంత ఇష్టమైనదైనా కొన్నాళ్లకు భారమవుతుంది. అందులో మీ ప్రేమకు వచ్చిన లోటేమీ లేదు.

ఇంట్లో వాళ్లకు ఇది ఎందుకు తెలియడం లేదో చూద్దాం. తమ్ముడికి పాట చెవికి వస్తుంది, అక్షరాలు కంటికి వస్తాయి. రెండూ వేరువేరు దారులు. పాట మోగుతుండగానే చిరునామా చదివేయగలడు. మీకు ఆ రెండూ ఒక్క చెవి గుండానే రావాలి. పైగా పాటను ఆపే బటన్ పేజీలో ఎక్కడో ఉన్నా, దాన్ని వెతకాలంటే స్క్రీన్ రీడర్ చెప్పేది వినపడాలి. అది వినపడాలంటే ముందు పాట ఆగాలి. గది తాళంచెవి ఆ గదిలోనే పెట్టి తాళం వేసినట్టు ఉంది మీ స్థితి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్యాను చప్పుడులోనో గ్రైండరు చప్పుడులోనో మాట వినగలం. అదే పక్కన ఇంకొకరు మన భాషలోనే మాట్లాడుతుంటే మనసు అటు లాగేస్తుంది, ఇటు మాట జారిపోతుంది. మీ విషయంలో ఆ రెండో గొంతు ఊరి వాళ్లది కూడా కాదు, అమ్మది. దాన్ని వినకుండా పక్కన పెట్టడం ఎవరి తరం? సంక్రాంతి ముందు రెండు ఆర్డర్లే తప్పాయంటే, అంత గొడవలో మిగతావన్నీ సరిగ్గా పంపారని నాకు ఆశ్చర్యంగా ఉంది.

తమ్ముడు అబద్ధమాడుతున్నాడని మాత్రం అనుకోకండి. అతని ఫోన్‌లో పాట నిజంగానే రాకపోయి ఉండవచ్చు. అడగకుండా మోగే సైట్లతో జనం విసిగిపోయారని 2018 ఏప్రిల్‌లో గూగుల్ క్రోమ్ ఒక నియమం తెచ్చింది. మనిషి ఆ సైట్‌లో ఏదీ నొక్కకుండా తాకకుండా, శబ్దంతో ఏదీ దానంతటదే మొదలవకూడదు. కంప్యూటర్‌లోని క్రోమ్‌కు మాత్రం ఇంకో లెక్క ఉంది. ఫలానా సైట్‌లో మీరు ఏడు సెకన్లకు మించి పాటో వీడియోనో నడవనిస్తే, ఇది మీకు ఇష్టమైన సైట్ అని కొంత గుర్తుపెట్టుకుంటుంది. అలా తరచూ జరిగితే ఆ సైట్‌కు మీ దగ్గర అనుమతి ఇచ్చేస్తుంది. ఇప్పుడు మీ ఇద్దరి సంగతి చూడండి. తమ్ముడు ఫోన్‌లో మొదటి పేజీ తెరిచి, పాట రాలేదని మూసేస్తాడు. మీరు రోజూ అదే సైట్‌లో పేజీ తర్వాత పేజీ తిప్పుతూ, పాటను ఆపే దారిలేక పూర్తిగా నడవనిస్తూ వచ్చారు. మీరు ఓపిక పట్టి కూర్చున్నదాన్ని క్రోమ్ ఇష్టం కింద రాసుకుంది. "నీ కంప్యూటర్‌లోనే తేడా" అన్న తమ్ముడి మాట ఆ మేరకు నిజమే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చూస్తున్నది రెండు వేరు సంగతులు. మాట్లాడేటప్పుడు ఇక్కడి నుంచి మొదలుపెడితే సగం గొడవ అక్కడే పోతుంది.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది ఎవరినీ అడగక్కర్లేనిది, ఈ రాత్రికే చేసుకోగలిగింది. క్రోమ్‌లో సైట్ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ ఒక్క సైట్‌కు సౌండ్ మ్యూట్ చేయండి. స్క్రీన్ రీడర్ గొంతు బ్రౌజర్‌ది కాదు కనుక అది ఎప్పటిలాగే వినపడుతుంది. ఫైర్‌ఫాక్స్ వాడితే కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కగానే ఆ ట్యాబ్ నోరు మూతపడుతుంది. అసలు 2019 నుంచీ ఫైర్‌ఫాక్స్ శబ్దంతో మొదలయ్యేవాటిని ముందే ఆపి ఉంచుతోంది. ఎన్‌వీడీఏ 2024.2 నుంచి ఇంకో సదుపాయం కూడా వచ్చింది. ఎన్‌వీడీఏ మీటతో (మామూలుగా ఇన్సర్ట్) ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే స్క్రీన్ రీడర్ గొంతు ఎడమ చెవికి, మిగతా శబ్దాలన్నీ కుడి చెవికి విడిపోతాయి. ఇంకా పాత పద్ధతి కావాలంటే ఎన్‌వీడీఏ మీటతో షిఫ్ట్, డి నొక్కండి. తను మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాలు తగ్గేలా పెట్టుకోవచ్చు. మీ ఆర్డర్లు గాడిన పడడానికి ఇది చాలు. వేసవి ముంచుకొస్తోంది, ఆవకాయ ఆర్డర్లు మొదలైతే ఊపిరాడదు. అందుకని ఎవరితో ఏం మాట్లాడినా మాట్లాడకపోయినా, ఇది ముందు చేయండి.

అయితే ఇక్కడితో ఆగిపోతే రెండు ఇబ్బందులు మిగిలిపోతాయి. మీ సైట్‌కు వచ్చే చూపులేని కొనుగోలుదారులకు ఈ పాట అలాగే అడ్డం పడుతుంది. వాళ్లు ఉత్తరం రాయరు, ఇంకో దుకాణం చూసుకుంటారు. రెండోది మీ గురించి. ఉత్తరం మొత్తంలో నాకు కనిపించిన అలవాటు ఒకటుంది. ఏ కష్టం వచ్చినా మీ పక్క మీరే సర్దుకుని, బయటికి పొక్కనివ్వరు. ఆ సర్దుబాటు ఎవరికీ కనపడలేదు. తప్పిపోయిన రెండు ఆర్డర్లు మాత్రం అందరికీ కనిపించాయి. ఈసారీ గుట్టుగా సర్దుకుంటే, ఆర్డర్లు ఎందుకు తప్పాయో తమ్ముడికి ఎప్పటికీ తెలియదు. కుర్రాణ్ణి పెట్టాలన్న ఆలోచన అలాగే ఉండిపోతుంది.

రెండో దారి, పాట అలాగే ఉంచి, ఆపే బటన్ ఒకటి పెట్టించడం. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఎలా ఉండాలో ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి. 2008లో వచ్చిన 2.0 నుంచీ అందులో ఈ మాట ఉంది: ఏ శబ్దమైనా దానంతటదే మొదలై మూడు సెకన్లు దాటితే, దాన్ని ఆపడానికో, కంప్యూటర్ మొత్తం సౌండ్‌తో పనిలేకుండా విడిగా తగ్గించడానికో వీలుండాలి. మీరు పాట తగ్గిస్తే రెండూ తగ్గిపోతున్నాయని రాశారే, సరిగ్గా దాని గురించే ఆ షరతు. ఇది అక్కడి మూడు మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు. అంటే ఎంత చిన్న సైటైనా కనీసం ఇంత చేయాలని. తమ్ముడు పాట మొదలవడం మాత్రం ఆపనంటే ఈ బటన్ కోసం గట్టిగా అడగండి. పేజీలో అన్నిటికంటే ముందు, మీరు ట్యాబ్ మీట నొక్కగానే మొదట తగిలేలా ఉండాలి. అడుగున పెడితే దండగ. ఒకసారి ఆపితే మిగతా పేజీల్లోనూ గుర్తుంచుకునేలా చేయమని చెప్పండి, లేకపోతే నలభైసార్లు వినే బదులు నలభైసార్లు నొక్కడం మీ పని అవుతుంది. అంత చేసినా మొదటి రెండు మూడు సెకన్లు మీ చెవిలో ఆ గజిబిజి ఉంటుంది. అందుకే ఆ ప్రమాణాలు రాసినవాళ్లు కూడా, బటన్ పెట్టి సరిపుచ్చుకోవడం కంటే మనిషి నొక్కితేనే శబ్దం మొదలయ్యేలా చేయడం మేలని వివరణలో చెప్పారు.

నా మనసు మొగ్గేది ఆ మూడో దారికే. పాట సైట్‌లోనే ఉంటుంది, దర్జాగా మొదటి పేజీలోనే, అమ్మ ఫోటో పక్కన. వినాలనుకున్నవాళ్లు నొక్కి వింటారు. సైట్ చేసిపెట్టినవాళ్లు మామూలు ఆడియో ట్యాగ్‌తో (పేజీలో శబ్దం పెట్టే కోడ్) పెట్టి ఉంటే, అందులో ఆటోప్లే అనే ఒక్క మాట తీసి, కంట్రోల్స్ అనే మాట చేర్చితే సరిపోతుంది. కాఫీ తాగినంత సేపు పట్టదు. మిగతా పేజీల నుంచి, ముఖ్యంగా ఆర్డర్ల పేజీ నుంచి పాట తీసేయాలి. దాని కింద పాట మాటలు రాసి పెట్టించండి. చెవులు వినపడనివాళ్లకు అదే పాట. ఆ మాటలు పూర్తిగా తెలిసినవాళ్లు ఇంట్లో ఎవరో నాకు తెలియదు కానీ, చిన్నప్పుడు రోటి పక్కన కూర్చున్నది మీరేనని రాశారు. రాయించే పని మీరు తీసుకోండి.

దీనివల్ల తమ్ముడికి పోయేదేమిటో కూడా దాచకుండా చెప్పాలి. ఇప్పుడు సైట్‌లో పేజీలు తిప్పిన చాలామంది చెవిన అమ్మ గొంతు పడుతోంది. రేపటి నుంచి నొక్కినవాళ్లే వింటారు, వాళ్లు తక్కువే ఉంటారు. అతనికి ఇది బాధగానే ఉంటుంది. ఆ బాధ కొట్టిపారేయదగ్గది కాదు. మీ ఉత్తరంలో ఒక చోట, పెద్దకర్మలో కూడా తమ్ముడు కన్నీళ్లు పెట్టుకోలేదని రాశారు. వారం తిరక్కుండా ఆ పాట ప్రపంచమంతా వినాలని పెట్టించాడు. అతను ఏడ్చిన తీరు అదేనేమో ఆలోచించండి. "ఆ పాట తీసెయ్" అంటే, అమ్మను మళ్లీ గడప దాటించమన్నట్టు వినపడుతుంది అతనికి. మరదలు అన్న మాట కూడా భర్త మొహం చూసి అన్నదే అయి ఉండొచ్చు.

కాబట్టి ఎలా అడగాలంటే, నోటితో చెప్పేముందు వినిపించండి. మీరు ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే పనిచేస్తారని రాశారు. అంటే ఆరేళ్లుగా మీ చెవిలో ఏం జరుగుతోందో ఆ ఇంట్లో ఎవరూ వినలేదు! ఒక మధ్యాహ్నం మరదలు పనిలో ఉన్నప్పుడు తమ్ముణ్ణి ఒక్కణ్ణే పక్కన కూర్చోబెట్టుకోండి. సైట్‌కు పెట్టిన మ్యూట్ కాసేపు తీసేయండి. హెడ్‌ఫోన్ల వైరు పీకి స్పీకర్లు పెట్టండి. మీరు అలవాటు కొద్దీ స్క్రీన్ రీడర్‌ను చాలా వేగంగా పెట్టుకుని ఉంటారు, అతనికి ఒక్క ముక్క అర్థం కాదు, అతని కోసం వేగం బాగా తగ్గించండి. ఒక పాత ఆర్డరు తెరిచి, "నాన్నా, ఇందులో పిన్‌కోడ్ ఎంతో విని చెప్పు" అనండి. కళ్లు మూసుకోమనక్కర్లేదు, గంతలు కట్టక్కర్లేదు. తెర అటు తిప్పేస్తే చాలు. మీ ఉత్తరం చదివాక నేనూ ఒక సైట్‌లో పాట మోగుతుండగా స్క్రీన్ రీడర్‌తో ఫోన్ నంబరు ఒకటి పట్టుకోవడానికి ప్రయత్నించాను. నాలుగోసారికి దొరికింది, అది కూడా పాట ఆగాక. పది నిమిషాలు కూర్చున్నంత మాత్రాన మీ రోజు నాకు తెలిసిపోయిందని అనను. కానీ ఎక్కడ తట్టుకుంటామో మాత్రం తెలిసింది. తమ్ముడికీ తెలుస్తుంది.

అప్పుడు కూడా మొదటి మాట పాట గురించి కాకుండా పని గురించి ఉండాలి. "ఆర్డర్లు చూడడం నాకు కావాలి. అది అమ్మ నాకిచ్చిన పని." ఆ తర్వాత, "పాట ఉండాలి, మొదలుపెట్టే బటన్ ఉండాలి" అనండి. నేరుగా అలా అడిగితే అతను వెంటనే ఒప్పుకోవచ్చు. లేచి వెళ్లిపోవచ్చు కూడా. వెళ్లిపోతే వెనకపడి వాదించకండి, రెండు రోజులు వదిలేయండి. విన్నది ఊరికే పోదు. అప్పటికీ వద్దంటే, ఆర్డర్ల పేజీ వరకైనా తీయమనండి. అక్కడ కొనేవాళ్లు ఎవరూ రారు, వచ్చేది మీరొక్కరే, కాబట్టి కాదనడానికి అతనికి కారణం దొరకదు.

సంవత్సరీకం దాకా ఆగుదామా అంటారా. ఆగొచ్చు. ఇంటి శాంతి కోసం కొన్ని నెలలు ఓర్చుకున్నవాళ్లు లేకపోలేదు. పైగా ఏడాది తిరిగాక తమ్ముడి మనసు కొంత తేలికపడి, అతనే తీసేయొచ్చు కూడా. నన్ను భయపెట్టేది మాత్రం ఒకటే. శ్రావణానికి ఇంకా నాలుగైదు నెలలుంది. ఈలోపు ఆవకాయ సీజను వస్తుంది, సీజనులో కుర్రాడు వస్తాడు. ఒకసారి మీ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నాక, పాట ఆగినా కుర్చీ తిరిగి రావడం కష్టం. ఓర్చుకోవాలని తేల్చుకుంటే, మొదటి దారిలో చెప్పిన సర్దుబాట్లు చేసుకుని, కుర్రాణ్ణి పెట్టే విషయం మాత్రం సంవత్సరీకం దాకా వాయిదా వేయించండి. అది అతనూ ఒప్పుకోగల బేరమే.

చట్టం గురించి అడిగారు, ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సేవలందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందరికీ అందుబాటులో ఉండేలా చూడాలని 46వ సెక్షన్‌లో చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. మీ బ్యాంకు సైటో, కరెంటు బిల్లు సైటో, ఆసుపత్రి సైటో మీకు ఇలాగే అడ్డం పడితే, ముందు వాళ్లకు రాతపూర్వకంగా రాయండి, కదలకపోతే దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడ మొహమాటపడొద్దు. తమ్ముడి ముందు మాత్రం ఈ సెక్షన్ల మాట ఎత్తకండి. ఎత్తితే సైట్ మారుతుందేమో, భోజనం దగ్గర మాటలు తగ్గిపోతాయి.

చివరగా, తమ్ముడితో మాట్లాడే ముందే ఒక పని చేయండి. ఆ రికార్డింగ్ అసలు ఫైలు అతని ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేదని రాశారు. ఫోన్ నీళ్లలో పడితే అంతే సంగతులు. వాట్సాప్‌లో పంపించుకుంటే గొంతు నలిగిపోవచ్చు, అలా వద్దు. కేబుల్ పెట్టి, అసలు ఫైలునే మీ కంప్యూటర్‌లోకి ఒకటి, పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి కాపీ చేయించుకోండి. ఆ కాపీ మీ దగ్గరికి వచ్చిన రోజు, ఆర్డర్లన్నీ అయిపోయాక, స్క్రీన్ రీడర్‌ను ఆపేసి, రెండున్నర నిమిషాలు పూర్తిగా వినండి. తమ్ముణ్ణి కూడా పిలవాలనిపిస్తే పిలవండి.